హెడ్ మేడం తెచ్చిన గిన్నె

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఆయన అంటాడు. ముక్కు దాకా ఎందుకు, నాలుక చివరే ఉంటుంది. మామూలు సంగతి చెప్పినా పోట్లాడినట్టే ఉంటుందని మా అమ్మ కూడా అనేది. ఈ నోటి వల్ల నలుగురికి ఏదైనా మేలు జరిగిందంటే అది బహ్రెయిన్‌లోనే, అదీ ఒక గరిజల గిన్నె పుణ్యమా అని. ఆ గిన్నె గుర్తొస్తే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను. పక్కనున్నవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ.

రెండు వేల మూడో, నాలుగో అయి ఉంటుంది. మేమప్పుడు నయీమ్ అనే పేటలో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. కింద మలయాళీ కోల్డ్ స్టోర్. పేరుకే కోల్డ్ స్టోర్, ఉన్నదంతా మన కిరాణా కొట్టే. ఉల్లిగడ్డల నుంచి ఫోన్ కార్డుల దాకా అన్నీ దొరికేవి. పైన ఇరుకిరుకు ఇళ్ళు, ఆ పైన మిద్దె. మా ఆయన ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటు. నేను కరీంనగర్‌లో టీచరుగా చేసి వచ్చినదాన్ని. ఇంట్లో ఊరికే కూర్చుంటే నాకు తోచదు, నేను ఊరికే కూర్చుంటే మా ఆయనకు మనశ్శాంతి ఉండదు. అందుకని సాయంత్రాలు బిల్డింగు పిల్లల్ని పోగేసి చదువు చెప్పేదాన్ని.

మా ఎదురింట్లో ఉండేది నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఆమె భర్త ఒక బహ్రెయినీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు కాబట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత పెళ్ళాం బిడ్డల్ని తెచ్చుకోనిచ్చాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "దుబాయిల ఎండలెట్లున్నయే?" అని అడిగేది. చెల్లె కూడా పాపం బహ్రెయిన్ అని సరిదిద్దకుండా, "మస్తున్నయత్తా" అని జవాబిచ్చేది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, ఏడో తరగతి. ఆ పిల్ల నోరు తెరిచిందంటే ఇక అంతే. మెట్లెక్కుతూ మాట్లాడేది, బట్టలారేస్తూ మాట్లాడేది, అన్నం నోట్లో పెట్టుకుని మాట్లాడేది. కోల్డ్ స్టోర్ అతనితో మలయాళం, మేడ మీది పాకిస్తానీ పిల్లలతో ఉర్దూ, నాతో తెలుగు. "పెద్దమ్మా, నీకో సంగతి తెల్సా?" అని వచ్చి గుమ్మంలో నిలబడేది. తెలుసన్నా చెప్పేది, తెలియదన్నా చెప్పేది. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు ఏది చెప్పినా ఇట్టే పట్టుకునేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

అలాంటి పిల్ల గురించి ఒకరోజు ఆమె తండ్రి డ్యూటీ నుంచి వచ్చి, మా గుమ్మం ముందే చెప్పులిడిచి, తల వంచుకుని నిలబడ్డాడు. "అక్కా, బడోళ్ళు పిలిచిండ్రు. బిడ్డకు ఏమీ వస్తలేదంట. పరీక్షల రాస్తదంట గని, అడిగితే నోట్లకెళ్ళి ఒక్క మాట రాదంట. కాపీ కొడ్తాందేమో అంటాండ్రు. రెండు తరగతులు ఎనుకకు పంపిస్తమన్నరు."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. ఎవరి గురించి చెప్తున్నాడితను? మాటలాపమని మేమందరం దండం పెట్టే పిల్ల గురించా? కానీ నిజమేనట. బడి గేటు దాటితే ఆ పిల్ల మూగదట. పిలిస్తే లేచి నిలబడి, తల దించుకుని, కాలి బొటనవేలితో నేల గీరుతుందట. సంవత్సరమంతా అదే తంతు.

"రెండేండ్లు ఎనుకకంటే ఈడ ఉండుడెందుకక్కా? ఊర్ల సర్కారు బడిల సక్కగ ఎనిమిది చదువుతది. ఏప్రిల్‌ల ఇద్దర్ని పంపించేస్త. నేను మళ్ళ డ్రైవర్ల రూంల వడ్త" అన్నాడతను. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

అతను వెళ్ళాక చెల్లె వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "అక్కా, పెండ్లయిన ఏడాదికే ఈయన దుబాయి వచ్చిండు. ఇది ఫోన్లనే నాయనా అనుకుంట పెరిగింది. నా మొగడు కాకరకాయ తినడని నాకు ఈడికొచ్చినంకనే తెల్సింది, సూడు మరి. గిప్పుడు గిప్పుడే సంసారమైతాంది. మళ్ళ పొమ్మంటే నేనెట్ల వోను?" అంది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

బడివాళ్ళు ఇంకో మాట కూడా చెప్పి పంపారు. తండ్రులు వచ్చి, సరే సరే అని వెళ్ళిపోతున్నారట, అందుకని ఈసారి తల్లి రావాలట. చెల్లె ససేమిరా అంది. "ఆమె ఇంగ్లీషుల అడుగుతది. నేను తలకాయ ఊపుత. దేనికి ఊపిన్నో నాకే తెల్వదు. నేను రాను." నేను బతిమాలాను, కసిరాను, చివరికి తిట్టాను. ఊహూఁ. కానీ పిలిచినప్పుడు వెళ్ళకపోతే మర్యాద కాదని ఆమెకూ తెలుసు. తెల్లారే లేచి గరిజలు, అదే కజ్జికాయలు, చేసింది. నువ్వులు, పల్లీలు, బెల్లం దట్టించి, అంచులు గోటితో నొక్కి, ఇల్లంతా ఘుమఘుమలాడేలా వేయించింది. మూత మీద వాళ్ళమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన స్టీలు గిన్నె ఒకటుంది ఆమె దగ్గర, పెళ్ళిలో ఇచ్చింది. దాన్నిండా గరిజలు సర్ది, కూతురి చేతికిచ్చి, హెడ్ మేడానికి ఇవ్వమని పంపింది.

సాయంత్రం గిన్నె తిరిగొచ్చింది. గరిజలు గరిజలుగానే ఉన్నాయి, పైదొకటి కూడా కదల్లేదు.

"మేడం వద్దన్నది" అంది పిల్ల. చెల్లె ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "నా చేతి తిండి వాపసు పంపింది. మా అమ్మ పేరున్న గిన్నె వాపసు పంపింది. ఇగ అయిపాయె అక్కా, మమ్మల్ని పొమ్మన్నట్టే" అంది. ఆమె ఏడుపు చూసేసరికి నా కోపం నషాళానికి ఎక్కింది. ఇచ్చిన గిన్నెను తిప్పి పంపుతారా ఎక్కడైనా? మా అత్తగారితో నాకు మాటలు లేని రోజుల్లో కూడా ఆవిడ పంపిన గిన్నె నేను తిప్పి పంపలేదు. అంతకంటే ఏం చెప్పను!

మర్నాడు ఆ గిన్నె చంకన పెట్టుకుని టాక్సీ ఎక్కి బడికి పోయాను. దారంతా ఇంగ్లీషులో తిట్లు కూడబలుక్కున్నాను. హెడ్ మేడం తల నెరిసిన మలయాళీ ఆవిడ. ముతక నూలు చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చేతిలో తాళాల గుత్తి. ఆ గుత్తి ఒకసారి ఝుళిపిస్తే వరండా అంతా నిశ్శబ్దమైపోయేది. నేను గిన్నెను బల్ల మీద టంగుమని పెట్టాను.

"ఇది ఎందుకు తిప్పి పంపారు?"

"తల్లిదండ్రుల దగ్గర ఏదీ తీసుకోం. అది ఇక్కడి నియమం. ఇవాళ స్వీట్లు తీసుకుంటే రేపు ఇంకొకరు బంగారం తెస్తారు" అందావిడ, గొంతు పెంచకుండా.

నిజానికి మంచి మాటే. కానీ మంచి మాట వినడానికి వెళ్ళలేదు కదా నేను. "మేడం, మీ ఊళ్ళో పక్కింటి నుంచి గిన్నె వస్తే ఏం చేస్తారు?" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. "మా అమ్మ అయితే దాన్ని కడిగి, అందులో ఏదో ఒకటి వేసి తిరిగి పంపేది. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార."

"మరి నిండు గిన్నె నిండుగానే పంపితే?"

ఆవిడ తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది. నేను ఊపులో ఉన్నాను కాబట్టి ఆగలేదు. ఆ తల్లి బడికి రావడానికి భయపడిందనీ, తనకు బదులు గరిజల్ని పంపిందనీ, అది లంచం కాదనీ, ఆమెకు తెలిసిన ఒకే ఒక్క పలకరింపు అదేననీ గడగడా చెప్పేశాను. పిల్ల ఇంట్లో ఎలా మాట్లాడుతుందో చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. ఇక చెప్పాల్సిందేమీ లేక ఆయాసపడుతూ కూర్చున్నాను.

హెడ్ మేడం మూత తీసింది. వాసన చూసింది. ఆయాను పిలిచి, "స్టాఫ్ రూములో అందరికీ పెట్టు. అందరూ తింటే లంచం కాదు" అంది. ఒకటి మాత్రం తాను తీసుకుని, అంచు కొరికి, కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆయా ఖాళీ గిన్నె తెచ్చింది. నేను చెయ్యి చాపితే హెడ్ మేడం దాన్ని తన వైపు లాక్కుంది. "ఖాళీ గిన్నె ఎలా ఇస్తాను? శుక్రవారం సెలవే, నేనే తెచ్చి ఇస్తాను. ఇల్లెక్కడ?"

నేను పోట్లాటకు పోయి అతిథిని పిలుచుకొచ్చానన్నమాట!

ఆ సంగతి చెప్పగానే మా బిల్డింగులో పుట్టిన కంగారు అంతా ఇంతా కాదు. చెల్లె మెట్లు కడిగింది, మెట్ల పక్క గోడ కడిగింది, ఇంకాస్త వదిలేస్తే కోల్డ్ స్టోర్ అతన్ని కూడా కడిగేసేది. శుక్రవారం సాయంత్రం, అల్లరి వినబడకూడదని కూతుర్ని పిలిచి, బిల్డింగులోని చిన్నపిల్లల్ని తీసుకుని మిద్దె మీదికి పొమ్మంది. మేడం వస్తోందన్న ముక్క మాత్రం చెప్పలేదు, పిల్ల బెదురుతుందని.

ఆవిడ వచ్చింది. గిన్నె నిండా అరటికాయ చిప్స్, తన చేతులతో వేయించినవి. చెల్లె ఆ గిన్నె అందుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడ కూర్చుందో లేదో, మెట్ల మీంచి ఒక గొంతు గణగణా మోగుతూ కిందికొచ్చింది. "సైలెన్స్! ఎవరది వెనక బెంచీలో? లేచి నిలబడు. ఇది బడి, మార్కెట్ కాదు!" అంతా ఇంగ్లీషే. పైగా అంతా హెడ్ మేడం గొంతే. ఆ సాగదీత, ఆ ఆగడం, అచ్చు దిగిపోయింది.

చెల్లె కొంగు నోట్లో కుక్కుకుంది. హెడ్ మేడం మాత్రం వేలు పెదాల మీద పెట్టి, చెప్పులు చేత పట్టుకుని, మెల్లగా మెట్లెక్కడం మొదలుపెట్టింది. మేమిద్దరం వెనకాలే.

మిద్దె మీద నీళ్ళ ట్యాంకుల నడుమ పిల్లలు వరసగా కూర్చున్నారు. మన పిల్ల మా ఆయన పాత కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, బట్టల క్లిప్పులన్నీ తాడుకు గుచ్చి తాళాల గుత్తిలా ఝుళిపిస్తోంది. ఇంకో చేతిలో ఖుబ్జ్ రొట్టె. దాన్ని మడిచి, చించి, సగం అంటే ఏమిటో, పావు అంటే ఏమిటో, సగంలో సగం ఎందుకు పావవుతుందో ఇంగ్లీషులో పాఠం చెప్తోంది. తప్పు చెప్పినవాడికి రొట్టె లేదు. ఒప్పు చెప్పినవాడి నోట్లో పావు రొట్టె. అబ్బ, ఎంత బాగా చెప్పింది! నేను ఇన్నేళ్ళు చెప్పినా అలా చెప్పలేదు.

ఒక బుడ్డోడు మమ్మల్ని చూసి కిసుక్కుమన్నాడు. పిల్ల వెనక్కి తిరిగింది. క్లిప్పులు చేతిలోంచి జారి నేల మీద పడ్డాయి. తల దిగిపోయింది, బొటనవేలు నేల గీరడం మొదలుపెట్టింది. ఇంతసేపు అక్కడున్న పిల్ల ఏమైపోయిందో నాకు తెలియలేదు. "అయిపాయె అక్కా, అంత అయిపాయె" అని చెల్లె నా జబ్బ గట్టిగా పట్టుకుంది.

హెడ్ మేడం బోర్లించి ఉన్న బకెట్టు ఒకటి లాక్కుని, చిన్నపిల్లల వెనకాల కూర్చుంది. కూర్చుని చెయ్యి పైకెత్తింది. "టీచర్, నాకొక డౌటు."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి నా వైపు చూసింది. చెప్పవే, చెప్పు అని అరవాలని నా నాలుక దురదపెట్టింది. పళ్ళతో కరిచి పట్టుకున్నాను. ఎత్తిన చెయ్యి దించకుండా ఆవిడ అలాగే కూర్చుంది. చాలాసేపటికి పిల్ల వంగి క్లిప్పులు ఏరుకుంది. కళ్ళద్దాలు సరిచేసుకుంది. వినీ వినబడనట్టు అంది, "లేచి నిలబడి అడుగు."

హెడ్ మేడం లేచి నిలబడింది. ఆ తర్వాత మిద్దె మీద లేచిన నవ్వుకు పక్క బిల్డింగులోవాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. అందరికంటే పెద్దగా నవ్వింది హెడ్ మేడమే. కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కిందికొచ్చి చాయ్ తాగుతూ ఆవిడ చెల్లెను అడిగింది, నేను మధ్యలో తర్జుమా చేశాను. ఇంత మాట్లాడే పిల్ల బడిలో ఎందుకు మాట్లాడదు?

చెల్లె ముఖం పాలిపోయింది. "నేనే చెప్పిన మేడం. బడిల ఏసిననాడు, గేటుకాడ నిలబెట్టి చెప్పిన. పెద్దోళ్ళ ముందట నోరు లేపొద్దు బిడ్డా, అడిగినా తలకాయ దించుకోవాలె, అప్పుడే మంచి పిల్ల అంటరని. మా అమ్మ నాకు గట్లనే చెప్పింది."

సంవత్సరమంతా ఆ పిల్ల చేసింది తల్లి మాట నిలబెట్టడం. మంచి పిల్ల అనిపించుకోవడానికి నోరు కట్టేసుకుంది. బడివాళ్ళేమో ఏమీ రాదనుకున్నారు. హెడ్ మేడం చాయ్ కప్పు పక్కన పెట్టి, "ఈ ముడి నేను విప్పితే రాదు. వేసినవాళ్ళే విప్పాలి, అదీ బడిలో" అంది. ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. మిద్దె మీద చూసింది తానొక్కతే, క్లాస్ టీచరు చూడలేదు. మార్చిలో నోటి పరీక్ష ఉంటుంది. అక్కడ మాట్లాడితే ఎనిమిదో తరగతి. మాట్లాడకపోతే తాను కూడా ఏమీ చేయలేదు.

"నేను బడికా?" అంది చెల్లె, జైలుకు రమ్మన్నట్టు.

"బడి భయం పోవాలంటే బడికే రావాలి. శుక్రవారం పొద్దున మా గదులన్నీ ఖాళీ. మీరొక్కరే కాదు, మీవాళ్ళలో తల్లులందరినీ తీసుకురండి. టీచర్లను నేను ఒప్పిస్తాను" అంది హెడ్ మేడం.

అక్కడ మన తెలుగువాళ్ళకొక సంఘం ఉండేది. ఉగాదికి పచ్చడి, శుక్రవారం క్రికెట్టు, ఏడాదికొక పిక్నిక్కు, పిక్నిక్కులో బిర్యానీ ఎవరు వండాలని గొడవ. అదీ సంఘం. నేను మా ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళ మీటింగుకు వెళ్ళాను. శుక్రవారం పొద్దున బండ్లు కావాలని అడిగితే, "మ్యాచ్ ఉన్నది గదమ్మా" అన్నారు. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు. మొత్తానికి మ్యాచ్ సాయంత్రానికి మారింది. డ్రైవర్లు కఫీళ్ళనడిగి బండ్లు తెచ్చారు. అద్లియాలో హోటల్లో పనిచేసే ఒక హైదరాబాద్ భాయ్ ప్రతివారం పెద్ద ఫ్లాస్కుతో చాయ్ పంపేవాడు.

మొదటి శుక్రవారం చూడాలి మా ఆడవాళ్ళను! బడికి పోవడమంటే మాటలా అని పెళ్ళి పట్టుచీరలు కట్టుకొచ్చారు. హెడ్ మేడం వరండాలో అటు పోతే లేచి నిలబడ్డారు, ఇటొస్తే లేచి నిలబడ్డారు. చివరికి ఆవిడే దండం పెట్టి కూర్చోమంది. చెల్లె ఆ రోజు గేటు దాకా వచ్చి, బండి దిగనంది. రెండో వారం దిగి, గేటు లోపల వేపచెట్టు కిందే నిలబడింది. మూడో వారం తలుపు దగ్గరి కుర్చీలో, లేచి పారిపోవడానికి వీలుగా ఒక అంచున కూర్చుంది. ఆ తర్వాత తానే అందరికంటే ముందు తయారై, నా తలుపు బాదడం మొదలుపెట్టింది.

టీచర్లు తల్లులతో కూర్చుని, ఏ పిల్ల ఏం చదువుతోందో, ఇంగ్లీషు రాకపోయినా ఇంట్లో ఎలా కనిపెట్టుకోవాలో చెప్పేవాళ్ళు. మేము పలకరింపులు, చిన్న చిన్న మాటలు నేర్చుకునేవాళ్ళం. పక్క గదిలో చెల్లె కూతురు చిన్నపిల్లలకు ఖుబ్జ్‌తో లెక్కలు చెప్పేది. కానీ పెద్ద టీచరు ఎవరైనా అటు వస్తే చాలు, టక్కున ఆగిపోయేది. అదే మా అందరి బెంగ.

ఇక గిన్నె సంగతి. ఎవరి గిన్నె ఎవరింటికి పోయినా ఖాళీగా రాకూడదని రూలు పడిపోయింది. చెల్లె గిన్నె క్లాస్ టీచరింటికి పోయి నెయ్యప్పాలతో వచ్చింది. కర్జకాన్ నుంచి వచ్చే అరబిక్ టీచరమ్మ, బహ్రెయినీ ఆవిడ, మా పద్ధతి విని, "మా ఊళ్ళోనూ ఇంతే, ఖాళీ గిన్నె ఇస్తే మా అమ్మ కొట్టేది" అని, తమ తోట ఖర్జూరాలు నింపి పంపింది. ఆవిడ కూడా శుక్రవారాలు రావడం మొదలుపెట్టింది. జుమ్మా వేళకు బండ్లెక్కి ఇళ్ళకు పోతుంటే, అందరి ఒళ్ళలోనూ ఎవరెవరివో గిన్నెలు. ఆ రోజుల్లో నేనెంత సంతోషంగా ఉన్నానో నాకే తెలుసు.

మార్చి వచ్చింది. నోటి పరీక్ష రోజు పిల్ల తండ్రి మమ్మల్ని బండిలో దింపి, గేటు బయట అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు, లోపల పెళ్ళాం కాన్పు అవుతున్నట్టు. గదిలో హెడ్ మేడం, క్లాస్ టీచరు. ఎదురుగా పిల్ల, వెనక కుర్చీల్లో చెల్లె, నేను. చెల్లె ఒళ్ళో గిన్నె.

క్లాస్ టీచరు నెమ్మదిగానే అడిగింది, "నీకు ఏ పాఠమంటే ఇష్టం?"

పిల్ల తల దించుకుంది. బొటనవేలు మొదలైంది. ఇంకోసారి అడిగింది. ఊహూఁ. టీచరు హెడ్ మేడం వైపు చూసింది. హెడ్ మేడం ముఖంలో నాకేమీ కనిపించలేదు.

అప్పుడు పక్కన కుర్చీ కిర్రుమంది. చెల్లె లేచి నిలబడింది. శుక్రవారాలు నేర్చుకున్న ఇంగ్లీషు ముక్కలన్నీ ఎటు ఎగిరిపోయాయో, తెలుగులోనే అందుకుంది. "టీచరమ్మా, జర నా మాట వినుండ్రి."

తర్జుమా చేద్దామని నోరు తెరిచాను. "మీరు కాదు" అంది హెడ్ మేడం. పిల్ల వైపు తిరిగి, "మీ అమ్మ ఏమంటోంది?" అని అడిగింది.

నేను నోరు మూసుకున్నాను. అది నాకెంత కష్టమో చదివేవాళ్ళు ఊహించుకోవాలి.

"తప్పు బిడ్డది గాదు, నాది. నోరు లేపొద్దని నేనే చెప్పిన. ఇయాల నేనే చెప్తాన, లేపు బిడ్డా" అంది చెల్లె.

పిల్ల తలెత్తి తల్లిని చూసింది. పెద్దవాళ్ళ ముందు నిలబడి, నోరు తెరిచి మాట్లాడుతున్న తల్లిని. నెమ్మదిగా ఇంగ్లీషులో అంది, "తప్పు నాది కాదంటోంది. తనదంటోంది."

"కాపీ కొట్టుడు మా ఇంట్ల లేదు. ఇంట్ల ఇది మాట్లాడుతాంటె నా చెవులు తూట్లు వడ్తయి."

"నేను కాపీ కొట్టనంటోంది" అని పిల్ల ఆగిపోయింది.

"చెవుల సంగతి చెప్పవేందే?" అంది చెల్లె. శుక్రవారాల చదువు ఆ మాత్రం అబ్బింది మరి! హెడ్ మేడం చేత్తో నోరు కప్పుకుంది. పిల్ల సిగ్గుపడుతూ చెవుల సంగతి కూడా చెప్పింది.

"ఇది ఎనుకకు వోతే ఏప్రిల్‌ల మమ్మల్ని ఇంటికి పంపిస్తడు దీని నాయన. ఫోన్ల నాయనా అని పిల్సుడు వేరు టీచరమ్మా, సాయంత్రం తలుపు తీసి నాయనా అని పిల్సుడు వేరు. అది దీనికి ఇప్పుడిప్పుడే అలవాటైతాంది."

పిల్ల మొదలుపెట్టింది. ఫోన్ దాకా చెప్పింది. తలుపు దగ్గర ఆగి, తల్లిని చూసింది. మళ్ళీ మొదలుపెట్టి, పూర్తి చేసింది. తర్వాత ముక్కు తుడుచుకుని, నిటారుగా నిలబడింది. "మా అమ్మ మాట అయిపోయింది. ఇప్పుడు నా మాట" అంది ఇంగ్లీషులో. "నేను కాపీ కొట్టలేదు. నాకు లెక్కలంటే ఇష్టం. నాకు ఎనిమిదో తరగతి కావాలి. మా నాయన దగ్గర ఉండాలి."

నేను ఏడ్చేశాను. సిగ్గెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. క్లాస్ టీచరు కూడా కళ్ళు ఒత్తుకుని, ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. పిల్ల చెప్పింది. అడిగినవి చెప్పింది, అడగనివి చెప్పింది, సగంలో సగం పావు ఎందుకవుతుందో చెప్పడానికి రొట్టె ఉందా అని అడిగింది. చివరికి టీచరే చెయ్యెత్తి, "చాలమ్మా, ఇక కూర్చో. ఎనిమిదో తరగతిలో చెబుదువుగాని" అనాల్సి వచ్చింది.

బండెక్కాక కూడా పిల్ల ఆగలేదు. "ఏమైంది? జెర ఎవలన్న చెప్పుండ్రి" అని తండ్రి మొత్తుకుంటున్నాడు. మాకు సందిస్తేగా! టీచరు ఏమడిగిందో, తానేం చెప్పిందో, అమ్మ చెవుల సంగతి ఎలా బయటపెట్టిందో గొంతులు మార్చి మార్చి చెప్తోంది. ఎనిమిదో తరగతి మాట వినగానే అతను స్టీరింగ్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. ఊరుకోలేక నేను, "మరి ఏప్రిల్ టికెట్ల సంగతేంది తమ్ముడా?" అన్నాను. "ఏం టికెట్లక్కా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

సిగ్నల్ దగ్గర చెల్లె అలవాటు కొద్దీ, "అబ్బ, జర నోరు మూస్కోయే, తలకాయ పగుల్తాంది" అనేసింది.

పిల్ల టక్కున ఆగిపోయింది. చెల్లె నాలుక కరుచుకుని, తన నోటి మీద తానే రెండు వేళ్ళతో కొట్టుకుంది. "వద్దు బిడ్డా, వద్దు. మాట్లాడు. నువ్వు మాట్లాడు."

"కానీ ఇల్లొచ్చేసింది గదనే" అంది పిల్ల, బుంగమూతి పెట్టి.

తండ్రి అద్దంలో కూతుర్ని చూశాడు. నయీమ్ మలుపు దగ్గర బండి తిప్పకుండా నేరుగా పోనిచ్చి, "నువ్వు చెప్పు బిడ్డా. నీ ముచ్చట ఒడిసినంకనే ఇంటికి వోదాం" అన్నాడు.